చూస్తేగాని పోని నలుసు

కంట్లో నలుసు పడ్డవాడికి ఎక్కడైనా సలహాలకి కొదవ ఉండదు. ఒకడు నలపొద్దంటాడు, ఒకడు ఊదుతానంటాడు, ఇంకో మహాతల్లి పైటచెంగు మెలిపెట్టుకుని మీదికే వచ్చేస్తుంది. హనుమాన్ జంక్షన్‌కి నాలుగు కిలోమీటర్లు లోపల, కాలవ అవతల ఉన్న పేటలో మాత్రం నలభై ఏళ్ళుగా ఒకటే సలహా: "శౌరమ్మ దగ్గరికి పో."

పోతే ఆమె చేసేది పెద్దగా ఏమీ ఉండదు. ముందు ఉప్పునీళ్ళు పుక్కిలించి ఉమ్మేది. వచ్చినవాణ్ణి అరుగు మీద వెలుతురుకి ఎదురుగా కూర్చోబెట్టేది. "పైకి చూడు. కిందికి చూడు. నా మొహంకేసి చూడమాక, నవ్వొస్తది" అనేది. రెండు వేళ్ళతో రెప్పలు విప్పి, నాలుక కొసతో కంటిని ఒక్కసారి తుడిచేది. ఆ తర్వాత అరచేతిలోకి ఉమ్మి చూపించేది. ఊక ముక్క, మినప పొట్టు, ఇసుక రేణువు, దోమ కాలు.

"ఇదుగో. పోయిందా?"

"పోయింది పిన్నీ."

తూర్పారబట్టడాలు పోయి కోత మిషన్లు వచ్చినా ఆమెకి పని తగ్గలేదు. మిషను వెనక లేచే దుమ్ముకి ఇంకా పెరిగింది. ఈమధ్య అయితే జంక్షన్ రోడ్డు మీద హెల్మెట్ లేకుండా బండి తోలే కుర్రాళ్ళు పురుగు పడ్డ కంటితో దిగేవారు. ఒకడు అడిగాడు కూడా, "మామ్మా, పళ్ళు తోముకున్నావా?" అని. "నువ్వు మొహం కడిగి ఎన్నాళ్ళయిందిరా ముందది చెప్పు" అంది శౌరమ్మ.

ఇందులో ఒక మోసం ఉంది. అన్నిసార్లూ నలుసు దొరకదు. కన్నీళ్ళకి అది ఎప్పుడో కొట్టుకుపోయి ఉంటుంది, అది గుడ్డు మీద గీసిన గీత మిగిలి ఉంటుంది. మనిషి మాత్రం ఇంకా లోపలే ఉందని ప్రమాణం చేస్తాడు. అందుకని శౌరమ్మ ముందుగానే ఒక పొట్టు ముక్క చిగురుకీ బుగ్గకీ మధ్య పెట్టుకునేది. కంట్లో ఏమీ దొరక్కపోతే అది ఉమ్మి చూపించేది. చూసినవాడు లేచి, కళ్ళు చికిలించి, "హమ్మయ్య" అనుకుంటూ వెళ్ళిపోయేవాడు. "చూస్తేగాని పోదే" అని తోడికోడలు అమలమ్మకి చెప్పేది. ఒక ఆదివారం ఫాదర్ గారు ప్రసంగంలో శౌరమ్మ పేరెత్తి, దేవుడు కొందరికి చేతుల్లో వరం పెడతాడు, కొందరికి నాలుక మీద పెడతాడు అన్నారు. ఇంటికొచ్చే దారిలో శౌరమ్మ ఒకటే గొణుగుడు: "దేవుడి వరమైతే బుగ్గలో పొట్టెందుకే నాకు?"

ఆమెకి ఉన్నది ఒకే కన్ను. ఇరవై ఆరేళ్ళ కిందట సార్వా కోతల్లో వరి ఆకు అంచు ఎడమ కంటికి కొట్టింది. ఏదో లోపల మిగిలిపోయిందని తెలుస్తూనే ఉంది. ఊరందరి కళ్ళూ తుడిచే మనిషి కన్ను తుడవడానికి ఊళ్ళో ఇంకో నాలుక లేదు. ఎవరి నాలుకా వాళ్ళ కంటికి అందదు. మొగుడు జక్కయ్య ఎవరో చెప్పిన ఆకు పసరు తెచ్చి పోశాడు. నెల తిరిగేసరికి గుడ్డు మీద తెల్లటి పువ్వు వేసి కన్ను పోయింది. మంచం దిగిన రోజే అమలమ్మని పిలిచి అరుగు మీద కూర్చోబెట్టి పని నేర్పింది, బుగ్గలో పొట్టుతో సహా. మళ్ళీ తనకి అవసరమైతే ఒక నాలుక ఉండాలి కదా.

అరవై దాటాక ఆ కుడి కంటికీ శుక్లం వచ్చింది. మొదట లోకం పల్చటి మజ్జిగలోంచి చూసినట్టు ఉండేది. తర్వాత మజ్జిగ చిక్కబడింది. పక్క పేటల్లో శుక్లాల ఆపరేషన్ చేయించుకుని నల్లద్దాలతో తిరుగుతున్నవాళ్ళు అరడజను మంది ఉన్నారు. అందరూ ధైర్యం చెప్పేవాళ్ళే. వాళ్ళందరికీ రెండేసి కళ్ళున్నాయి. "ఒకటి పోయినా ఇంకోటుంది మీకు. నాకేముంది?" అని మూడేళ్ళు నెట్టుకొచ్చింది. గోడ పట్టుకుని నడిచింది, గిన్నెలో వేలు ముంచి చారు వడ్డించుకుంది, కోడలు క్రిస్టినాతో రోజూ తగువాడింది. క్రిస్టినా జంక్షన్‌లో బట్టల షాపులో పని చేస్తుంది. కొడుకు స్టీఫెన్ లారీ మీద నెలకి ఇరవై రోజులు బయటే. ఇంట్లో తగువాడటానికి ఉన్నది వాళ్ళిద్దరే.

చివరికి ఒక బండి కుర్రాడు తేల్చాడు. నాలుకతో నలుసు తీసింది, అరచేతిలోకి ఉమ్మింది, "ఇదుగో" అని చూపించింది.

"ఏదీ మామ్మా? చేతిలో ఏం లేదే."

ఉమ్మింది చేతి పక్క నుంచి అరుగు మీద పడింది. అది ఆమెకి కనబడలేదు. కుర్రాడు కన్ను నలుపుకుంటూనే వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం క్రిస్టినా షాపు నుంచి రాగానే శౌరమ్మ అంది: "ఎక్కడ చేయిస్తావో చేయించవే."

విజయవాడలో ఒక ట్రస్టు వాళ్ళ కంటాసుపత్రి పల్లెల్లో క్యాంపు పెట్టి, పరీక్ష చేసి, బస్సులో తీసుకుపోతుంది. పరీక్ష చేసినవాళ్ళు ఒకటే కన్ను అనేసరికి ఆగారు. ఇంకో కాగితం తెచ్చి క్రిస్టినా చేత వేరేగా సంతకం పెట్టించారు. పెద్ద డాక్టరమ్మే చేస్తుంది అన్నారు. బస్సు ఎక్కేముందు ఎవరో పెద్దమనిషి మైకు పట్టుకుని, చీకటిని పారదోలడం గురించి ముప్పావుగంట మాట్లాడాడు. కనబడనివాళ్ళంతా ఎండలో కూర్చుని విన్నారు. ఫొటో తీసేటప్పుడు అందర్నీ ఇటు చూడమన్నారు. ఎటో వాళ్ళకి తెలియదు.

ఆపరేషన్ గదిలో చలి. కంటి కింద సూది గుచ్చితే చెంప సగం తనది కాకుండా పోయింది. మొహం మీద గుడ్డ కప్పి కంటి దగ్గర మాత్రం కన్నం వదిలారు. "కదలకూడదమ్మా, దగ్గొస్తే ముందే చెప్పాలి" అంది డాక్టర్ ఉష. ఆ మాట విన్న దగ్గర్నుంచి శౌరమ్మకి గొంతులో గరగర మొదలైంది. ప్రభువుని తలుచుకుందామంటే జపం మధ్యలో ఆగిపోతోంది. దగ్గు తప్ప ఇంకేదీ తోచడం లేదు. పైన వెలుతురు పెద్ద ముద్దలా కరుగుతోంది. చెవి వెనక్కి చల్లటి నీళ్ళు కారుతున్నాయి. డాక్టరమ్మ పక్కనున్న అమ్మాయితో బెంజ్ సర్కిల్ దగ్గర పొద్దున ముప్పావుగంట ఇరుక్కుపోయానని చెబుతోంది. నాకున్న ఒక్క కన్నూ విప్పిపెట్టుకుని ట్రాఫిక్ మాటలా తల్లీ అనుకుంది శౌరమ్మ. అంతలోనే, అంత తీరిగ్గా మాట్లాడుతుందంటే పని సవ్యంగానే నడుస్తున్నట్టు కదా అనుకుంది. చివర్లో డాక్టరమ్మ మాటలు ఆపేసింది. ఇంగ్లీషులో ఏదో అడిగింది. కాసేపటికి చిన్న కత్తెర కిట్టుమంది.

మర్నాడు కట్టు విప్పారు.

డాక్టరమ్మ మూడు వేళ్ళు చూపిస్తే మూడన్నది. గోడ మీది అక్షరాలు చదవమంటే, చదువు లేదు గాని అవి నల్లగా ఉన్నాయంది. తర్వాత క్రిస్టినా వైపు తిరిగింది.

"నీకు తెల్లెంట్రుకలు వచ్చినయ్యేంటే!"

"కళ్ళొచ్చి నిమిషం కాలా, నా నెత్తిమీదే పడ్డావా అత్తా" అంది క్రిస్టినా, ఏడుస్తూ.

కిటికీలోంచి పడ్డ ఎండ బారులో దుమ్ము కణాలు వేలకివేలు తేలుతూ కనబడ్డాయి. శౌరమ్మ నోరు తెరుచుకుని చాలాసేపు చూసింది. గదిలో ఇన్ని నలుసులు ఎగురుతుంటే మనుషుల కళ్ళు ఎట్టా నిలబడ్డాయో ఆమెకి అంతుబట్టలేదు.

ఇంటికొచ్చాక నెల్లాళ్ళు తలస్నానం లేదు, పొయ్యి దగ్గరికి పోకూడదు, వంగకూడదు, బరువెత్తకూడదు, కంటికి చెయ్యి తగలకూడదు. చుక్కల మందు రోజుకి ఆరుసార్లు. ఐదు రోజులు రాణిలా కూర్చుంది. నల్లద్దాల్లోంచి కనబడ్డ ప్రతిదానికీ పేరు పెట్టి చెప్పింది: కాలవ గట్టు మీద ఎవరి గేదెలు, ఎవరింటికి కొత్త రంగు, అమలమ్మ చీర మీద ఎన్ని చిరుగులు. "కనబడనప్పుడే నయం తల్లీ నువ్వు" అంది అమలమ్మ.

ఆరో రోజు పొద్దున గుచ్చింది.

పైరెప్ప కింద. రెప్ప వేసినప్పుడల్లా ఒక్కచోటే. శౌరమ్మ కదలకుండా కూర్చుని, నలభై ఏళ్ళుగా ఇతరుల కళ్ళ గురించి తెలుసుకున్నదంతా తన కంటికి పెట్టి చూసుకుంది. గీత పడితే కన్నంతా మండుతుంది. నలుసుంటే ఒక్కచోటే గుచ్చుతుంది, రెప్పతో పాటు ఈడుస్తుంది. ఇది నలుసే. పైగా మినుముల నూర్పిళ్ళ రోజులు. పేట మీద పొద్దుటి నుంచీ సన్నటి దుమ్ము.

ఏడో రోజు చెకప్. ఆసుపత్రిలో మిషను దగ్గర క్యూ మెట్లదాకా ఉంది. ఒక కుర్ర డాక్టరు క్యూలోనే ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి చిన్న లైటు వేసి చూస్తున్నాడు.

"బాబూ, నలుసుందయ్యా. పైరెప్ప కింద."

"అందరికీ అలాగే ఉంటుందమ్మా. నెలలో పోతుంది."

"గీత కాదు బాబూ. గీతైతే కన్నంతా మండుద్ది. ఇది ఒక్కచోటే..."

"చుక్కలు వేస్తున్నారా? వెయ్యండి. నెక్స్ట్."

ఆ డాక్టరు చెడ్డవాడేమీ కాదు. ఆ పొద్దుటికి తొంభై మందిని చూశాడు, తొంభై మందీ అదే మాట చెప్పారు. వాళ్ళలో ఎనభై తొమ్మిది మందికి అది నిజంగా నెలలో పోతుంది.

తర్వాత మూడు రోజులూ శౌరమ్మ మనిషి కాదు. రెప్ప వేస్తే గుచ్చుతుందని కన్ను విప్పి ఉంచేది. విప్పి ఉంచితే నీళ్ళు కారేవి. నీళ్ళు కారితే రెప్ప పడేది. చెయ్యి దానంతటదే కంటి మీదికి పోతోందని చేతులు రెండూ పైటలో చుట్టుకుని కూర్చునేది. అన్నం ముందు కూర్చుని లేచిపోయేది. "మళ్ళీ తీసుకుపోవే" అంటే క్రిస్టినా, "అందరికీ ఉంటదన్నారుగా అత్తా, మొన్ననేగా పోయొచ్చాం, షాపులో ఇంకో లీవు అడిగితే ఇక ఇంట్లోనే ఉండమంటారు" అంది. అది కూడా అబద్ధం కాదు.

శనివారం మధ్యాహ్నం, క్రిస్టినా షాపుకి పోయాక, శౌరమ్మ అమలమ్మని కేకేసింది. అరుగు మీద వెలుతురుకి ఎదురుగా తానే కూర్చుంది. నల్లద్దాలు తీసి పక్కన పెట్టింది.

"తియ్యవే."

అమలమ్మకి అర్థం కావడానికి కాస్త పట్టింది. అర్థమయ్యాక రెండడుగులు వెనక్కి వేసింది.

"నీకేమన్నా పిచ్చా అక్కా? చెయ్యే తగలకూడదని చెప్తే నాలికెట్టా పెడతా? నావల్ల కాదు."

"ఊరందరికీ పెడతావుగా."

"ఊరోళ్ళ కళ్ళని ఎవరూ కొయ్యలా."

"ఉప్పునీళ్ళు రెండుసార్లు పుక్కిలించు. ఒక్కసారి తుడువు. ఒక్కసారే. నీ కాళ్ళు పట్టుకుంటా."

"పట్టుకో. పట్టుకున్నా పెట్టను."

శౌరమ్మ నల్లద్దాలు ఇంకాస్త పక్కకి జరిపింది. తర్వాత మెల్లగా అంది. అన్నాక తానే ఆ మాటకి జడుసుకుంది, కాని వెనక్కి తీసుకోలేదు.

"నా ఎడం కన్ను పోయినప్పుడు ఈ ఊళ్ళో ఇంకోళ్ళు లేరే అమలా. లేక పోయింది. ఇప్పుడు నువ్వుండి కూడా పోనిస్తావా?"

అమలమ్మ లోపలికి పోయింది. ఉప్పునీళ్ళు పుక్కిలించిన చప్పుడు వినబడింది. వచ్చి, అక్క తల పట్టుకుని, వేళ్ళతో రెప్ప విప్పింది. తడి తగిలింది. అరచేతిలోకి ఉమ్మింది.

"ఇదుగో. పోయిందా?"

శౌరమ్మ ఆ చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. మూడేళ్ళ తర్వాత చూపు ఇంత పదునుగా ఉంది. చేతిలో మినప పొట్టు ముక్క కనబడింది. దాని అంచులు ఉబ్బి మెత్తబడి ఉండటం కూడా కనబడింది.

"ఇది ఇందాకట్నుంచీ నీ బుగ్గలో నానింది. కంట్లోంచి వచ్చింది ఇట్టా ఉబ్బదు. నీ నాలిక రెప్ప దాటలేదే."

అమలమ్మ మొహం పక్కకి తిప్పుకుంది.

"నేను నేర్పిన దొంగతనం నాకే చేస్తావుటే?"

"మరేం చెయ్యమంటావు! చూస్తే పోద్దని నువ్వే చెప్పావుగా! చూడు! చూసి పోనీ!" అమలమ్మ పైటతో మూతి తుడుచుకుంది. "అందరికీ పోయిందిగా, నీకెందుకు పోదు?"

ఊళ్ళో అందరికీ పనిచేసిన మందు ఒక్క మనిషి మీద పనిచేయదు, ఆ మందు చేసిన మనిషి మీద. పొట్టు ముక్క నేల మీద పారేసి శౌరమ్మ మళ్ళీ కన్ను పైకెత్తి కూర్చుంది. కన్నీళ్ళు కారిపోతున్నాయి. ఏడుపు వల్ల కాదు, గుచ్చడం వల్ల. చేతులు పైటలోంచి బయటికొచ్చి కంటి వైపు లేచాయి. అవి ఈసారి నిజంగానే నలిపేస్తాయని అమలమ్మకి తోచింది. ఆ రెండు చేతులూ తన చేత్తో అదిమిపట్టి, వంగి, నిజంగా తుడిచింది.

తుడిచి, ఠక్కున తలెత్తింది.

"అక్కా. ఉందే."

"ఉందా?"

"ఉంది. పోగులా ఉంది. వెంట్రుక్కంటే మొండిగా ఉంది, గుచ్చుతుంది. రావట్లా." ఇంకోసారి వంగింది. "లోపల పట్టేసినట్టుంది. రాదు."

"నేను చెప్పానా!" అంది శౌరమ్మ. "నలుసేనని చెప్పానా, లేదా!"

ఆ గంటసేపు ఆమె సంతోషంగా ఉంది. ఐదు రోజుల్లో మొదటిసారి ఎవరో తన మాట నమ్మారు. సోమవారం పోయి ఆ డాక్టరుబాబు మొహాన చెబుదాం అనుకున్నారు ఇద్దరూ. క్రిస్టినాకి మాత్రం నాలుక సంగతి చెప్పొద్దనుకున్నారు.

సోమవారం దాకా రాలేదు. ఆదివారం చర్చి పూజలో, అందరూ మోకాళ్ళ మీద ఉండగా, పీఠం మీది కొవ్వొత్తుల చుట్టూ పొగ కమ్మింది. సాంబ్రాణి అనుకుంది శౌరమ్మ. వాసన రాలేదు. నల్లద్దాలు తీసి తుడిచి పెట్టుకుంది. పొగ అద్దాల మీద లేదు. కన్ను లోపల ఎవరో బొటనవేలితో అదుముతున్నట్టు నొప్పి మొదలైంది. పక్కనున్న అమలమ్మ అటు తిరిగి చూసి, రెప్ప ఉబ్బి ఎర్రబడిన సంగతి గమనించి, పాట మధ్యలోనే లేచి నిలబడింది.

క్రిస్టినా ఆటోలో జంక్షన్‌కి, జంక్షన్‌లో దొరికిన మొదటి బస్సులో విజయవాడకి తీసుకుపోయింది. అమలమ్మ రావద్దన్నా వచ్చింది. బెంజ్ సర్కిల్ ఎప్పుడు దాటారో శౌరమ్మకి తెలియలేదు. హారన్ల మోత ఎక్కువై మళ్ళీ తగ్గింది, అంతే. ఆదివారం కదా, ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు చూసి ఫోను చేశాడు. అరగంటలో డాక్టర్ ఉష వచ్చింది.

మిషను ముందు గడ్డం పెట్టించి చూసింది. లైటు మార్చి మళ్ళీ చూసింది.

"కంట్లో ఏమన్నా వేశారా? పసరు, తేనె, ప్రార్థన నూనె, ఏదన్నా?"

"ఏం వెయ్యలేదండీ" అంది క్రిస్టినా. "చుక్కలు నా చేత్తోనే వేస్తున్నానండీ. చెయ్యి కడుక్కునే వేస్తున్నా."

"నిజం చెప్పండమ్మా. తిట్టడానికి అడగట్లేదు. లోపల చీము చేరింది. అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఏ మందు పొడవాలో నాకు తెలుస్తుంది."

గుమ్మం దగ్గర నీళ్ళ సీసా పట్టుకుని అమలమ్మ నిలబడి ఉంది. ఆమె ఊపిరి శౌరమ్మకి వినబడుతోంది. చెబితే అమలమ్మని ఈ జన్మకి ఎవరూ క్షమించరు. క్రిస్టినా అసలే క్షమించదు. చెప్పకపోతే ఉన్న ఒక్క కన్నూ గుడ్డి మందుకి వదిలేసినట్టే. శౌరమ్మ గడ్డం ఇంకా మిషను మీదే ఉంది.

"నాలిక పెట్టించుకున్నానండీ."

"ఏంటి?"

"నలుసుందని, నాలికతో తీయించుకున్నా. నిన్న. తను ఒద్దంటే నేనే బలవంతాన పెట్టించుకున్నా. తన తప్పేం లేదండి."

క్రిస్టినా గుమ్మం వైపు తిరిగింది. "చిన్నత్తా! నువ్వా?"

అమలమ్మ నీళ్ళ సీసా మూత తిప్పుతూ నిలబడింది. డాక్టరమ్మ కళ్ళు మూసుకుని, తెరిచి, మళ్ళీ మిషనులోకి వంగింది. పైరెప్ప మడిచి చూసింది. అప్పుడామె చెయ్యి ఒక క్షణం ఆగింది.

"కుట్టు వదులై కొస పైకొచ్చింది" అంది, ఎవరితోనూ కాకుండా.

"కుట్టు వేశారాండీ?" అంది క్రిస్టినా. "కుట్లుండవు అన్నారుగా?"

"మామూలుగా ఉండవు. ఈమెకి ఒకటి వేశాను. శుక్లం బాగా గట్టిపడింది, ఒకటే కన్ను, జాగ్రత్త కోసం వేశాను."

శౌరమ్మకి కత్తెర కిట్టుమన్న చప్పుడు గుర్తొచ్చింది.

"ఏడో రోజు చెప్పానండీ డాక్టరమ్మగారూ. ఒక్కచోటే గుచ్చుతుందని చెప్పా. ఆ బాబు లైటేసి చూశాడు."

డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాసింది. ఆ చీము దారం వెంట లోపలికి పోయిందో, నాలుక తీసుకుపోయిందో, ఆమెకీ తెలియదు. రెండింట్లో ఏదైనా కావచ్చు. ఆసుపత్రిలో అడిగితే నాలుక అంటారు. పేటలో అడిగితే దారం అంటారు.

సన్నటి పట్టకారుతో దారం తీసింది. తీసిన క్షణాన గుచ్చడం ఆగింది. ఆరు రోజుల తర్వాత రెప్ప మొదటిసారి మెత్తగా వాలింది. నొప్పి మాత్రం లోపల అలాగే ఉంది.

"ఇదుగోనమ్మా, మీరు చెప్పింది" అంది డాక్టరమ్మ, పట్టకారు ఆమె కంటి ముందు పెట్టి.

శౌరమ్మ చూసింది. పొగ. పొగలో ఇంకాస్త నల్లటి పొగ.

"కనబడట్లేదండీ."

డాక్టరమ్మ పట్టకారు దించింది. పరీక్షకి పంపాల్సింది పంపాక ఒక చిన్న ముక్క మిగిలింది. శౌరమ్మ చెయ్యి చాచి ఉంచింది. ఎందుకో డాక్టరమ్మకి అర్థం కాకపోయినా, ఆ ముక్కని కాగితంలో మడిచి చేతిలో పెట్టింది. శౌరమ్మ దాన్ని కొంగున ముడేసుకుంది. తర్వాత కంట్లోకే సూది మందు పొడిచారు. కదలొద్దని చెప్పాల్సిన అవసరం రాలేదు.

మూడు రోజులు వార్డులో ఉంచారు. మంగళవారం రెండో ఇంజెక్షన్ ఇచ్చారు. క్రిస్టినా పక్కనే ఉంది, అత్తకి అన్నం కలిపి పెట్టింది, చుక్కలు వేసింది, అమలమ్మతో మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. అమలమ్మ వార్డు బయట మెట్ల మీద కూర్చునేది. ఇంటికి పొమ్మంటే పోలేదు. లోపలికి రమ్మంటే రాలేదు. ఏదన్నా తిన్నదో లేదో ఎవరూ అడగలేదు.

బుధవారం పొద్దున కట్టు విప్పి డాక్టరమ్మ వేళ్ళు చూపించింది.

"ఎన్నమ్మా?"

శౌరమ్మ వెతికింది.

"చెయ్యి ఊపుతున్నా. తెలుస్తోందా?"

"ఆఁ. ఏదో కదుల్తుంది."

"కదలడం తెలుస్తోంది కదా. మంచిదే." ఆ మంచిదే అన్న మాట ఎంత చిన్నదో గదిలో అందరికీ తెలిసింది. ఇంకో నెల చూద్దాం, పెద్దగా ఆశ పెట్టుకోవద్దు అని క్రిస్టినాని పక్కకి పిలిచి చెప్పింది. వార్డులో పక్కకి పిలిచి చెప్పిన మాటలు మిగతా వాటికంటే స్పష్టంగా వినబడతాయి.

క్రిస్టినా మందులకి కిందికి పోయాక శౌరమ్మ పిలిచింది, గట్టిగా, వార్డంతా తిరిగి చూసేలా.

"అమలా! ఇట్టా రావే."

మెట్ల మీంచి చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చిన చప్పుడు. మంచం పక్కన ఆగింది. ఉప్పు చెమట, కొబ్బరినూనె, బస్సు దుమ్ము కలిసిన వాసన. అమలమ్మే.

శౌరమ్మ కొంగు ముడి విప్పి కాగితం మడతలు తీసింది. నలభై ఏళ్ళు నాట్లు వేసి కలుపు తీసి మొద్దుబారిన వేళ్ళకి దారం తగల్లేదు. కాగితం ఎత్తి నాలుక కొసతో తడిమింది. ఎడమ అంచు, మధ్య, మడత. దొరికింది. మొండి పోగు, వెంట్రుకంటే గట్టి. దాన్ని నాలుక మీంచే అరచేతిలోకి దించి, ఆ చెయ్యి ముందుకి చాచింది.

"చూడు. ఇదే. చేతిలో ఉందా? నాకు కనబడదు, నువ్వే చెప్పాలి."

"ఉందక్కా."

"సరిగ్గా చూడు. నీ నాలిక తప్పు చెప్పలా. ఉందన్నావు, ఉంది. చూశావా?"

"చూశా."

చెయ్యి అలాగే చాచి ఉంచి, అరుగు మీద కూర్చోబెట్టిన ప్రతివాణ్ణీ అడిగినట్టే అడిగింది శౌరమ్మ.

"పోయిందా?"

ఎదురుగా మసకలో ఏదో అటూ ఇటూ కదిలింది. తల కావచ్చు. ఆ తర్వాత మాట వచ్చింది.

"పోలా అక్కా."